మోటారుకు కండెన్సర్ ఎందుకు పదేపదే పోతుంది?

స్విచ్ వేయగానే మోటారు గుయ్‌మంటుంది, షాఫ్టు మాత్రం కదలదు. షెడ్డులో లైట్లు డిమ్ అవుతాయి. ఇంకాసేపు అలాగే వదిలేస్తే ఎంసీబీ పడిపోతుంది, లేదా కాలిన వాసన మొదలవుతుంది. కర్నూలు కల్లూరు ఎస్టేట్‌లోని చిన్న వర్క్‌షాపుల్లో గానీ, ఆదోనిలో పిండి మరల దగ్గర గానీ, బేతంచెర్లలో బండలు కోసే షెడ్ల పక్కనుండే రిపేరు కొట్లలో గానీ ఈ గొడవ తెలియనివాళ్లు ఉండరు. దానికి అందరి నోటా వచ్చే మాట కూడా ఒకటే: ‘కండెన్సర్ పోయింది, మార్చెయ్’. చాలాసార్లు అది నిజమే. నల్లటి బేకలైట్ డబ్బాలో వచ్చే కండెన్సర్ (కెపాసిటర్ అన్నా ఇదే) ఒకటి కొనుక్కొచ్చి రెండు వైర్లు బిగిస్తే మోటారు మళ్లీ తిరుగుతుంది.

చిక్కంతా ఆ తర్వాతే. కొత్తది వేసిన నెలకో, రెండు నెలలకో మళ్లీ అదే మూలుగు. అప్పుడు కూడా డబ్బా మార్చి ఊరుకుంటే తర్వాతి వంతు వైండింగ్‌ది, అంటే మోటారు లోపలి తీగ చుట్టది. కండెన్సర్ ఖర్చు వందల్లో తేలిపోతుంది, రీవైండింగ్ వేలల్లోకి పోతుంది. ఏళ్ల తరబడి పనిచేసిన కండెన్సర్ ముసలిదై పోవడం మామూలే. వరసగా రెండు మూడు పోతే మాత్రం తప్పు డబ్బాది కాదు, దాన్ని ఎక్కువసేపు కరెంటులో ఉంచుతున్న ఇంకోదానిది. అది మోటారు లోపలి స్విచ్ కావచ్చు, మోటారు దాకా చేరని వోల్టేజీ కావచ్చు, లోడుతోనే మోటారు లేపే అలవాటు కావచ్చు.

ఇది అర్థం కావాలంటే ఈ డబ్బా ఏం చేస్తుందో కాస్త చూడాలి. సింగిల్ ఫేజ్ మోటారులో రన్నింగ్ వైండింగ్ ఒక్కటే ఉంటే దాని అయస్కాంత క్షేత్రం 50 హెర్ట్జ్ కరెంటుతో పాటు అటూ ఇటూ ఊగుతుంది తప్ప గుండ్రంగా తిరగదు. సైకిల్ పెడల్ సరిగ్గా నిలువుగా పైకి ఉన్నప్పుడు దాని మీద ఎంత బలంగా నిలబడ్డా చక్రం కదలదు కదా, మోటారులో తిరిగే భాగమైన రోటరు పరిస్థితీ అదే. బలం ఉంది, తిప్పే దిక్కు లేదు. ఒకసారి ఎటైనా కదిలిందంటే మాత్రం అటే వేగం అందుకుంటుంది. పాడైన మోటారు షాఫ్టును చేత్తో కదిలిస్తే ఎటు కదిలిస్తే అటు తిరగడానికి కారణం ఇదే.

ఆ మొదటి తోపు ఇవ్వడానికే స్టార్టింగ్ వైండింగ్ అని రెండోది ఉంటుంది. దాన్ని స్టేటర్‌లో (మోటారులో కదలని భాగం) రన్నింగ్ వైండింగ్‌కు అడ్డంగా చుడతారు. దానికి వరసలో కండెన్సర్ కలిపితే ఆ వైండింగ్‌లో కరెంటు రన్నింగ్ వైండింగ్ కరెంటు కంటే ముందుగా నడుస్తుంది, రెండు క్షేత్రాలూ కలిసి తిరిగే క్షేత్రం పుడుతుంది. మంచి కండెన్సర్ ఉన్న మోటారు ఫుల్ లోడు టార్క్‌కు (తిప్పే బలానికి) రెండు మూడు రెట్ల బలంతో లేస్తుంది. వేగం 70–80 శాతం అందుకునేసరికి షాఫ్టు మీది సెంట్రిఫ్యూగల్ స్విచ్ (మెకానిక్కుల భాషలో సీఎఫ్ స్విచ్) తెరుచుకుని స్టార్టింగ్ వైండింగ్‌నూ కండెన్సర్‌నూ లైన్లోంచి తప్పిస్తుంది. నేమ్ ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం అని ఉన్న మోటారుకు ఇది సుమారు 1050 నుంచి 1200 ఆర్‌పీఎం మధ్య జరగాలి. అంతా సవ్యంగా ఉంటే ఈ తతంగం ఒకటి రెండు సెకన్ల పని.

ఆ రెండు సెకన్ల కోసమే తయారైంది కాబట్టి స్టార్ట్ కండెన్సర్ చవక. లోపల ఆక్సైడ్ పొర ఉన్న అల్యూమినియం రేకులు, వాటి మధ్య ఎలక్ట్రోలైట్ తడిపిన కాగితం. చిన్న డబ్బాలో వంద మైక్రోఫారడ్‌లు (కండెన్సర్ సామర్థ్యం కొలత) పట్టడానికి ఆ నిర్మాణమే కారణం, ఎక్కువసేపు కరెంటు పారితే వేడెక్కి ఉబ్బడానికీ అదే కారణం. దీనికి తయారీదారులు మామూలుగా పెట్టుకునే లెక్క గంటకు 20 స్టార్టులు, ఒక్కోటీ మూడు సెకన్లు. అంటే గంట మొత్తానికి ఒక్క నిమిషం. రన్నింగ్ కండెన్సర్ వేరే జాతి. అది ప్లాస్టిక్ ఫిల్మ్‌తో చేసింది, మైక్రోఫారడ్‌లు తక్కువ, వోల్టేజీ రేటింగ్ సాధారణంగా 440, రోజంతా లైన్లో ఉన్నా ఏమీ కాదు. సీలింగ్ ఫ్యానులోని 2.5 మైక్రోఫారడ్‌ల ముక్క ఆ జాతిదే. స్టార్ట్ కండెన్సర్‌ను రన్నింగ్ కండెన్సర్ స్థానంలో పెడితే నిమిషాల్లోనే పగిలిపోవచ్చు.

పల్లెల్లో ఇంకో గందరగోళం ఉంది. 2004లో ఉచిత విద్యుత్ వచ్చాక పంపుసెట్లకు పెట్టిన షరతుల్లో ఐఎస్ఐ మోటారుతో పాటు కెపాసిటర్ కూడా ఒకటి. అది త్రీ ఫేజ్ మోటారు పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో పనికొచ్చే వంతు) సరిచేయడానికి పెట్టేది. మోటారును లేపడంతో దానికి సంబంధం లేదు, అది లేకపోయినా మోటారు తిరుగుతుంది. ‘కెపాసిటర్ తీసేసినా మా బోరు నడుస్తోంది’ అనే రైతు చెప్పేది నిజమే, కాకపోతే ఆ మాటను వర్క్‌షాపు మోటారుకు అన్వయించకూడదు.

ముందు మోటారు ఏ రకమో తెలియాలి

సింగిల్ ఫేజ్ మోటార్లన్నీ ఒకటి కావు. స్టార్ట్ కండెన్సర్, సీఎఫ్ స్విచ్ ఉన్నవి కొన్ని. కంప్రెషర్లు, పిండి మరలు, కట్టర్లు ఎక్కువగా ఈ రకం. స్టార్ట్‌కు ఒకటి, రన్నింగ్‌కు ఒకటి అని రెండు డబ్బాలుండేవి కొన్ని. బోరు మోటార్ల ప్యానెల్ బాక్సు తెరిస్తే చాలావాటిలో ఇదే అమరిక కనిపిస్తుంది. ఎప్పుడూ లైన్లోనే ఉండే ఒకే ఒక్క రన్నింగ్ కండెన్సర్‌తో నడిచేవి మరికొన్ని. చిన్న బెంచ్ గ్రైండర్లలో చాలా వరకూ ఇవే. అసలు కండెన్సరే లేకుండా సీఎఫ్ స్విచ్ ఒక్కటే ఉన్న పాత మోటార్లూ ఉన్నాయి.

తేడా పట్టుకోవడానికి మోటారు విప్పనక్కర్లేదు, చెవి చాలు. బాగా తిరుగుతున్న మోటారును ఆపి, అది నెమ్మదిస్తుండగా వింటే ఒక దశలో లోపలి నుంచి ‘టక్’మని శబ్దం వస్తుంది. సీఎఫ్ స్విచ్ మళ్లీ మూసుకున్న చప్పుడు అది. అలాగే లేచేటప్పుడు కూడా ఒక టక్ ఉంటుంది కానీ మోటారు హోరులో సరిగా వినపడదు. టక్ వినిపించే మోటారులో స్విచ్ ఉంది, అది కదులుతోంది. ఇంతకుముందు వినిపించేది ఇప్పుడు వినిపించడం మానేస్తే కండెన్సర్ కొనడానికి కొట్టుకు పోయేముందే ఆగాలి.

మోటారు లేవనప్పుడు మొదట చేయాల్సింది కరెంటు తీసి, బెల్టు విప్పి షాఫ్టును చేత్తో తిప్పి చూడడం. బేరింగు పట్టేసిన మోటారు కూడా ఇలాగే మూలుగుతుంది. షాఫ్టు తేలిగ్గా తిరిగితే బేరింగు మీద అనుమానం తీరుతుంది. ఆ తర్వాత చాలామంది చేసే పరీక్ష, కరెంటు ఉండగా షాఫ్టుకు తాడు చుట్టి లాగడమో, పుల్లీని చేత్తో విసరడమో. లేచిందంటే ‘చూశావా, కండెన్సరే’ అని తేల్చేస్తారు. వేళ్లు పోయే ప్రమాదం సంగతి పక్కనపెట్టినా ఆ తీర్మానంలో లోపం ఉంది. విసిరితే లేచిందంటే స్టార్టింగ్ లైన్లో ఎక్కడో తెగిందని మాత్రమే అర్థం. తెగింది కండెన్సర్ కావచ్చు, మూసుకోని సీఎఫ్ స్విచ్ కావచ్చు, తెగిన స్టార్టింగ్ వైండింగ్ కావచ్చు, టెర్మినల్ బాక్సులో ఊడిన లగ్గు (వైరు కొసకు బిగించే ముక్క) కావచ్చు.

చెయ్యి పెట్టే ముందు

స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకేయాలి. వర్క్‌షాపు వైరింగ్‌లో స్విచ్ ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌లో పడి ఉండడం అరుదేమీ కాదు. అప్పుడు స్విచ్ ఆపినా మోటారు లోపల ఫేజ్ ఉంటుంది. ప్లగ్ లేకుండా నేరుగా వైరు వేసి ఉంటే మెయిన్ దించి, మీటరుతో చూసుకున్నాకే బాక్సు తెరవాలి.

కరెంటు తీసేసినా కండెన్సర్‌లో చార్జి మిగలొచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. బాగున్న మోటారు ఆగినప్పుడు సీఎఫ్ స్విచ్ మళ్లీ మూసుకుని, కండెన్సర్‌లో మిగిలింది వైండింగ్‌ల గుండా దిగిపోతుంది. స్విచ్ తెరుచుకునే ఇరుక్కుపోయిన మోటారులోనూ, వైరు ఊడిన దాంట్లోనూ ఆ దారి ఉండదు. అంటే షాకు కొట్టే అవకాశం రిపేరుకొచ్చిన మోటారులోనే ఎక్కువ. 230 వోల్టుల సరఫరాకు శిఖరం సుమారు 325 వోల్టులు. వంద మైక్రోఫారడ్‌ల కండెన్సర్ ఆ శిఖరం దగ్గర ఆగిందంటే ఐదు జౌల్స్‌కు పైగా శక్తి పట్టుకుని ఉన్నట్టు. రెండు చేతుల మధ్య పడితే ప్రమాదమే.

స్క్రూ డ్రైవర్ అడ్డం పెట్టి ఠప్పుమనిపించడం అందరికీ తెలిసిన పద్ధతి. దాంతో టెర్మినళ్లు కాలతాయి, లోపలి రేకుల అతుకులు దెబ్బతింటాయి, నిప్పురవ్వ కంట్లోకి ఎగరొచ్చు. హోల్డరుకు రెండు వైర్లు తగిలించిన పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు దీనికి చక్కగా పనికొస్తుంది. చార్జి ఉంటే ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఫిలమెంటు బల్బులు కనుమరుగవుతున్నాయి కాబట్టి 20 కిలో ఓముల ఐదు వాట్ల రెసిస్టరు ఒకటి పెట్టుకుంటే నయం. ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో పది పదిహేను సెకన్లు తగిలించి ఉంచి, మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి సున్నా చూపిందని నిర్ధారించుకోవాలి. వైర్లు విప్పే ముందు ఫోన్లో ఒక ఫోటో తీసుకుంటే తర్వాత ఏ వైరు ఎక్కడిదో అని తల పట్టుకునే పని ఉండదు.

కొన్నిసార్లు కంటితోనే తేలిపోతుంది. డబ్బా ఉబ్బడం, పైనున్న చిన్న రబ్బరు బిరడా లేచి జిగట కారడం, టెర్మినల్ చుట్టూ నల్లబడడం కనిపిస్తే ఇక పరీక్ష అక్కర్లేదు. పైకి బాగానే ఉంటే మీటరు కావాలి. మల్టీమీటరులో కెపాసిటెన్స్ ఉందని సంబరపడకూడదు, చవక మీటర్లు కొన్ని 20 మైక్రోఫారడ్‌ల దగ్గరే ఆగిపోతాయి; కనీసం 200 దాకా కొలిచేది ఉండాలి. 80–100 అని రాసిన డబ్బా 85 చూపితే బాగున్నట్టు, 60 చూపితే పోయినట్టు. ముల్లు మీటరు అయితే ఓముల్లో పెట్టి తగిలిస్తే ముల్లు ఎగిరి మెల్లగా వెనక్కి రావాలి. ఎగిరి అక్కడే నిలిస్తే షార్టు, కదలకపోతే ఓపెన్. ఏ మీటరూ పట్టుకోలేని తప్పు ఒకటుంది: మీటరు ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీకి బాగానే ఉండి, 230 పడగానే లోపల షార్టయ్యే కండెన్సర్. అనుమానం తీరకపోతే సరైన కొత్తది ఒకటి పెట్టి చూడడమే దారి.

వైండింగ్ షాపుల్లో టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) కొలిచే పద్ధతి ఇంకా నమ్మకమైనది. కండెన్సర్‌ను ఫ్యూజు గుండా రెండు మూడు సెకన్లు మాత్రమే ఏసీ లైనుకు కలిపి, పారే ఆంపియర్లు, ఆ క్షణంలో ఉన్న వోల్టులు చూస్తారు. ఆంపియర్లను 3183తో గుణించి వోల్టులతో భాగిస్తే 50 హెర్ట్జ్ దగ్గర మైక్రోఫారడ్‌లు వస్తాయి. 230 వోల్టుల దగ్గర 6.5 ఆంపియర్లు పారితే 90 వచ్చినట్టు. 4 ఆంపియర్లే పారితే 55. 80–100 డబ్బాకు అది చావు లెక్క. ఇది అలవాటున్న చేతులు చేయాల్సిన పని, ఇంట్లో కాదు. నేరుగా ప్లగ్గులో గుచ్చి తీసి, వైర్లు తాకించి నిప్పురవ్వ ఎంత వచ్చిందో చూసే పరీక్ష మాత్రం ఎవరు చేసినా దండగే. సగం పోయిన కండెన్సర్ కూడా ఠప్పున రవ్వ కొడుతుంది.

‘పెద్దది వేస్తే బలంగా లేస్తుంది’

కొత్తది కొనేటప్పుడు చూడాల్సినవి రెండే అంకెలు. మైక్రోఫారడ్‌లు పాతదాంతో సరిపోవాలి, ఏసీ వోల్టుల రేటింగ్ పాతదానికి సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి. ఒక హెచ్‌పీ మోటార్లలో 80–100, 100–120 తరచూ కనిపిస్తాయి, కానీ అది ఊహకు మాత్రమే. నేమ్ ప్లేటు, పాత డబ్బా మీది రాత, కంపెనీ చార్టు, వీటి మాటే చెల్లుతుంది. డీసీ కండెన్సర్, అంటే ప్లస్ మైనస్ గుర్తులున్నది, దీనికి ఎప్పటికీ పనికిరాదు. కావలసిన విలువ దొరక్కపోతే 50వి రెండు పక్కపక్కన కలిపితే 100 అవుతుంది. వరసలో కలిపితే 25కు పడిపోతుంది.

ఇక్కడే మన ప్రాంతంలో బాగా వేళ్లూనుకున్న అలవాటు ఒకటి చెప్పుకోవాలి. మోటారు బరువుగా లేస్తోందని 100–120 ఉన్నచోట 150–200 వేయడం. మొదటి రోజు ఫలితం బాగానే ఉంటుంది, అందుకే అలవాటు పోదు. కానీ ఆ వైండింగ్‌కు తగిన విలువ ఒకటుంటుంది. అది దాటాక డబ్బా పెంచేకొద్దీ తిప్పే బలం పెద్దగా పెరగదు, కొంత దూరం పోయాక తగ్గుతుంది కూడా. స్టార్టింగ్ వైండింగ్‌లో పారే కరెంటు మాత్రం పెరుగుతుంది. ఆ వైండింగ్ తీగ సన్నది, దాన్ని కూడా సెకన్ల పనికే చుట్టారు. పైగా ఆ పెరిగిన కరెంటునే సీఎఫ్ స్విచ్ పాయింట్లు ప్రతిసారీ తెంచాలి. పాయింట్లు కాలి అతుక్కుపోవడం అక్కడ మొదలవుతుంది. పది, పదిహేను శాతం తేడాకు కంగారు అక్కర్లేదు. రెట్టింపు వేయడం మాత్రం మోటారును మెల్లగా కాల్చుకోవడమే.

కండెన్సర్ రెండు వైర్లు ఎటు తగిలించినా ఒకటే, తిరిగే దిక్కు మారదు. దిక్కు మారేది స్టార్టింగ్ వైండింగ్ రెండు కొసలూ తారుమారైతే. టెర్మినల్ బాక్సులో వైర్లు కలగాపులగం చేసుకుంటే జరిగేది ఇదే. బెంచ్ గ్రైండర్‌లో ఇది చిన్న విషయం కాదు. ఎడమవైపు రాయి నట్టుకు ఎడమ మర ఉండేది తిరిగే దిక్కును బట్టే. దిక్కు తప్పితే రాళ్ల నట్లు వదులైపోతాయి.

కొత్తదాన్ని పాత క్లిప్పులోనే బిగించి, లగ్గులు గట్టిగా క్రింప్ చేసి, స్లీవు తొడిగి, టెర్మినళ్లు మూతకు తగలకుండా చూసుకోవాలి. ఏళ్ల తరబడి ర్యాకులో పడున్న సరుకు తీసుకోకూడదు. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ వాడకపోయినా చెడుతుంది, అందుకని డబ్బా మీద తయారీ తేదీ చూడడం మంచిది. వేడి కూడా దీన్ని తినేస్తుంది. ప్రతి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఈ రకం కండెన్సర్లకు ఒక మోటు లెక్క ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డు కింద, వేడెక్కిన మోటారు వీపు మీద కూర్చున్న డబ్బా పరిస్థితి చెప్పనక్కర్లేదు. అరడుగు వైరు పెంచి కండెన్సర్‌ను మోటారు ఒంటి మీది నుంచి పక్కనున్న బాక్సులోకి మార్చుకున్న షాపులు తెలివైన పని చేసినట్టే.

స్విచ్‌ను చూడకుండా మూత మూయొద్దు

వరసగా కండెన్సర్లు పోతున్న మోటారులో మొదటి అనుమానం సీఎఫ్ స్విచ్ మీదే పెట్టాలి. ఎండ్ కవర్ విప్పితే చాలా మోటార్లలో అది కనబడుతుంది. షాఫ్టు మీద స్ప్రింగులు, చిన్న బరువులు, ముందుకూ వెనక్కూ జరిగే ప్లాస్టిక్ బుష్. కవర్ లోపలివైపు రెండు పాయింట్లున్న పట్టీ. మోటారు ఆగి ఉన్నప్పుడు పాయింట్లు కలిసి ఉండాలి. బరువులను వేళ్లతో బయటికి లాగితే బుష్ వెనక్కి జరిగి పాయింట్లు విడిపోవాలి, వదిలితే చటుక్కున వచ్చి కలవాలి.

బేతంచెర్ల వైపు షెడ్లలో ఆ బుష్ కదలకపోవడానికి మామూలు కారణం బండల పొడి. కోత పొడి మెత్తగా సిమెంటులా ఉంటుంది. బేరింగు గ్రీజు దానికి తోడైతే గట్టిపడి బుష్‌ను పట్టేస్తుంది. పిండి మరలో పిండి, ఆదోని జిన్నింగుల దగ్గర దూది నూగు, వేరుశనగ మిషన్ల దగ్గర పొట్టు, అన్నీ ఇదే పని చేస్తాయి. పొడి బ్రష్షుతో శుభ్రం చేయాలి తప్ప నూనె పోయకూడదు. నూనె మరుసటి వారానికి రెట్టింపు పొడిని పట్టి తెస్తుంది. పాయింట్లు కొద్దిగా నల్లబడితే నున్నటి ఎమరీ కాగితంతో ఒకసారి రుద్దితే సరి. గుంటలు పడినా, అతుక్కున్న గుర్తులున్నా స్విచ్ మార్చేయాలి. పాయింట్లు అతుక్కుపోతే కండెన్సర్, స్టార్టింగ్ వైండింగ్ లైన్లోనే ఉండిపోతాయి. కొత్త డబ్బా ఒకటి రెండు నిమిషాల్లో పగలడం, దాని వెనకాలే వైండింగ్ కాలడం అలాంటప్పుడే.

ఒక తప్పు మెకానిక్కుల కళ్లు కూడా కప్పుతుంది. బేరింగులు మార్చినప్పుడో, రీవైండింగ్ అయ్యాకో షాఫ్టు మీద ఉండాల్సిన పల్చటి వాషరు ఒకటి తిరిగి వేయడం మరిచిపోతారు. రోటరు ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. అంతే, బుష్ పట్టీని పూర్తిగా నొక్కదు, లేదా పూర్తిగా వదలదు. స్విచ్ కొత్తదే, కండెన్సర్ కొత్తదే, మోటారు మాత్రం ఒకసారి లేస్తుంది, ఒకసారి లేవదు. రిపేరు తర్వాతే ఈ జబ్బు మొదలైందంటే షాఫ్టును పట్టుకుని ముందుకు వెనక్కు లాగి, ఎంత ఆడుతోందో చూడాలి.

వోల్టేజీ లెక్క

స్విచ్ నిక్షేపంలా ఉండి కూడా కండెన్సర్ పోతుంటే మోటారు చేరాల్సిన వేగానికి చేరడం లేదని అర్థం. సీఎఫ్ స్విచ్‌కు గడియారం తెలియదు, వేగమే తెలుసు. మోటారు 1000 ఆర్‌పీఎం దగ్గర ఈడుస్తూ ఉంటే ఎంతసేపైనా తెరుచుకోదు. ఈడవడానికి పెద్ద కారణం లో వోల్టేజీ, ఎందుకంటే మోటారు బలం వోల్టేజీ వర్గంతో పడిపోతుంది. 230 ఉండాల్సిన చోట 180 ఉంటే వోల్టేజీ ఐదో వంతు తగ్గినట్టే కనిపిస్తుంది, బలం మాత్రం 61 శాతానికి దిగుతుంది. 160కి పడితే సగం కూడా మిగలదు.

ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టుకున్న ప్రాంతంలో లో వోల్టేజీ ఏంటని జనం అడగడం సహజం. ఎంత కరెంటు తయారవుతోందనేది ఒక లెక్క, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి షెడ్డు దాకా తీగ ఎంత పొడుగు, ఎంత లావు, ఆ ఫేజ్ మీద ఎన్ని ఇళ్లున్నాయి అనేది ఇంకో లెక్క. లైను చివరనున్న కొట్టుకు రెండోదే వర్తిస్తుంది. పక్క ఫేజ్ ఖాళీగా ఉంటే లైన్‌మన్‌తో చెప్పి సర్వీసు వైరును దాని మీదికి మార్పించుకోవడంతో గొడవ తీరిన షాపులున్నాయి.

అయితే తప్పంతా స్తంభం వైపే ఉండదు, చాలాసార్లు గోడకు ఇవతలే ఉంటుంది. 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు, ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ అనుకుందాం. పోను రాను 60 మీటర్లు, నిరోధం సుమారు 1.1 ఓము. ఒక హెచ్‌పీ మోటారు లేచేటప్పుడు ఫుల్ లోడు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. 30 ఆంపియర్లే అనుకున్నా ఆ వైరులోనే 33 వోల్టుల దాకా పోతాయి. బోర్డు దగ్గర 200 ఉంటే మోటారు దగ్గర 167, బలం 53 శాతం. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది సుమారు 13 వోల్టులు. కండెన్సర్ మీద పెట్టే డబ్బు ఒకసారి వైరు మీద పెడితే సరిపోయే కేసులు ఇవి. వదులైన న్యూట్రల్ అతుకు, నల్లబడిన కటౌట్, రాగికి అల్యూమినియం మెలేసి టేపు చుట్టిన జాయింట్ కూడా ఇదే నష్టం చేస్తాయి.

మోటారు ఆగి ఉండగా మీటరు పెట్టి ‘225 ఉంది, వోల్టేజీ బ్రహ్మాండం’ అనడం వల్ల ఉపయోగం లేదు. మీటరు మోటారు టెర్మినళ్ల దగ్గరే ఉండాలి, స్విచ్ వేసిన ఆ రెండు సెకన్లలో ఎంతకు పడిందో చూడాలి. స్టెబిలైజర్ పెట్టాలనుకునేవాళ్లు కూడా స్టార్టింగ్ కరెంటును లెక్కలోకి తీసుకోవాలి. చిన్న స్టెబిలైజర్ మోటారు లేచే క్షణంలో తానే ఇంకొన్ని వోల్టులు మింగేస్తుంది.

లోడు వైపు పెద్దగా చెప్పడానికి లేదు, తెలిసినవే. మరలో గింజలు పోశాక స్విచ్ వేయడం, బెల్టు మరీ బిగించడం, కంప్రెషర్ ట్యాంకులో గాలి ఉండగా ఒత్తిడి వదిలే వాల్వు పనిచేయకపోవడం. వాటికంటే తక్కువ మంది గమనించేది కార్పెంటర్ షెడ్లలో ఆన్ ఆఫ్ అలవాటు. ఒక్కో చెక్కకు ఒకసారి వేసి ఆపితే గంటకు 50, 60 స్టార్టులు అవుతాయి. డబ్బా తట్టుకునేది 20. కోతకూ కోతకూ మధ్య అరనిమిషం ఖాళీగా తిరగనిస్తే పోయే కరెంటు కొద్దిపాటిదే. అలా తిరిగే బ్లేడుకు గార్డు మాత్రం ఉండి తీరాలి.

అన్నీ చూసుకుని కొత్త కండెన్సర్ బిగించాక మొదటి స్టార్టు బెల్టు లేకుండానే ఇవ్వాలి. టాంగ్ టెస్టర్‌ను మెయిన్ వైరుకు కాకుండా కండెన్సర్‌కు వెళ్లే వైరుకు తగిలించాలి. స్విచ్ వేయగానే కరెంటు ఎగిరి, ఒకటి రెండు సెకన్లలో సున్నాకు పడిపోతే సీఎఫ్ స్విచ్ తన పని చేసినట్టే. మూడు నాలుగు సెకన్లు దాటినా కరెంటు పారుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి, రెండోసారి వేసి చూద్దామనుకోకూడదు. బెల్టు లేకుండా సరిగా ఉండి, బెల్టు వేశాక ఐదారు సెకన్లు తీసుకుంటోందంటే వెతకాల్సింది లోడు వైపు, వోల్టేజీ వైపు. రెండు రకాలుగానూ బాగుండి కూడా మోటారు ఒళ్లు తొందరగా కాలుతుంటే అది కండెన్సర్ పరిధి దాటిపోయింది. వైండింగ్ షాపులో మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టి బాడీకి లీకేజీ ఉందేమో చూపించాలి, ఈలోగా ఎర్త్ వైరు లేకుండా ఆ మోటారును వాడకూడదు.